నాగపురమునకు విజయవాడకు నడుమ ఒక బంటు

ఆసిఫాబాదు రోడ్డు అను రైలు నిలయము, పేరులో ఊరిని మోయుచున్నను, ఊరికి దూరముగానే యున్నది. అక్కడ నిలిచి దక్షిణమునకు చూచినచో బెల్లంపల్లి, మంచిర్యాల, పెద్దపల్లి, కాజీపేట, వరంగల్లు దాటి పట్టాలు విజయవాడ చేరును. ఉత్తరమునకు చూచినచో కాగజ్‌నగరము, బల్లార్షా, చంద్రపురము దాటి నాగపురము చేరును. ఈ సీమవారికి రెండు దిక్కులును సొంత దిక్కులే: పెద్ద జబ్బు చేసినవాడు నాగపురము రైలెక్కును, కృష్ణలో మునుగదలచినవాడు విజయవాడ రైలెక్కును, ఇంట తెలుగు, అంగడిలో ఉర్దూ, వాంకిడి దాటగనే మరాఠీ, అడవిపల్లెలలో గోండీ, కొలామీ వినబడు ఈ మండలమున ఒక్క భాషతో దినము గడుపువారు అరుదు. కనుకనే 2025 జూలై 26వ తేది శనివారమున, నల్లసముద్రపు టొడ్డున, జార్జియా దేశపు బటూమి నగరమందు, ప్రపంచ మహిళా చదరంగ కప్పు అంతిమ పోటీలో విజయవాడ బిడ్డ కోనేరు హంపి, నాగపురము బిడ్డ దివ్యా దేశ్‌ముఖ్ ఒకే బల్లకు ఇరువైపుల కూర్చున్నప్పుడు, లోకమునకది ఇద్దరు భారతీయుల పోరుగా కనబడియుండును గాని, నాకు మాత్రము మన రైలుమార్గపు రెండు కొసలు వచ్చి యొక్క బల్లపై కలిసికొన్నట్లు తోచినది.

ఆ సాయంకాలము పెద్దవాగు మీదుగా వచ్చిన ముసురు మా ఊరిని కప్పియుండగా, వాకిటి అరుగుపై పాత కొయ్యబల్ల పరచుకొని, ఫోనులో అక్కడి ఎత్తులు చూచుచు ఇక్కడ పావులు జరుపుచు కూర్చుంటిని. దారిని పోవు పెద్దాయన యొకరు గొడుగు వంచి నిలిచి "షత్రంజా?" అని పలుకరించెను, ప్రక్కయింటి మరాఠీ గృహిణి దానినే "బుద్ధిబళ్" అన్నది, నేను చిన్ననాట నేర్చినది చదరంగము. ఏనుగులు, గుర్రములు, రథములు, కాల్బలము అను నాలుగంగముల సేనకు సంస్కృతమున చతురంగమని పేరు. ఆ మాటయే పారసీకమునకు పోయి చత్రంగై, అరబ్బుల నోట షత్రంజై, ఉర్దూ వెంట మరల మన గుమ్మములోనికి వచ్చినది. పుట్టినింటినుండి వెళ్ళిన మాట వేరు వేషమున తిరిగి వచ్చి, తోడబుట్టిన మాట ప్రక్కనే కాపురముండుట మా ఊరిలో ఎవరికిని వింత కాదు.

దివ్యకు తెల్లపావులు వచ్చినవి. మంత్రి ముందరి బంటు రెండు గళ్ళు నడిచినది. హంపి తన మంత్రి ముందరి బంటునే అట్లు నడిపి దానికి ముఖాముఖి నిలిపినది. అప్పుడు తెల్లసేనలో మంత్రి ప్రక్కనున్న శకటు ముందరి బంటు రెండు గళ్ళు సాగి, నల్లబంటు ఐమూలగా కొట్టుటకు అందునట్లు, ఏ కాపుదలయు లేక నిలిచినది. ఇదియే ఎర. పాశ్చాత్యులు దీనిని క్వీన్స్ గాంబిట్ అందురు. నల్లపావులవారు ఆ బంటును కొట్టక తమ బంటుకు బలము చేకూర్చుకొనవచ్చును, అప్పుడది తిరస్కృతము. కొట్టవచ్చును, అప్పుడది స్వీకృతము. హంపి కొట్టినది. 38 ఏండ్ల అనుభవశాలిని, 19 ఏండ్ల పిల్ల వేసిన ఎరను, ప్రపంచ కప్పు అంతిమ పోటీ తొలి ఆటలో, మొదటి రెండు ఎత్తులలోనే స్వీకరించినది.

గాంబిట్ అను మాట మల్లుల గోదాలో పుట్టినది. ఇటలీ భాషలో కాలడ్డము పెట్టి ఎదుటివానిని పడవేయు పట్టునకు గాంబెట్టో అని పేరట. 1561లో స్పెయిను దేశపు మతాచార్యుడు రూయ్ లోపెజ్ ఆ మాటను చదరంగమునకు తెచ్చెను. ఈ మంత్రి వైపు ఎర అంతకన్నను పాతది. 1490 ప్రాంతమున వ్రాయబడి నేడు గొట్టింగెన్ పేర పిలువబడు వ్రాతప్రతిలోనే దీని ప్రస్తావన కలదు. 1834లో లండను నగరమున ఫ్రాన్సువాడు లా బూర్దొనే, ఐర్లండువాడు మెక్‌డొనెల్ నెలల తరబడి ఆడిన దీర్ఘ పోటీలో ఈ ఎర వేయుట, దానిని స్వీకరించుట మరల మరల జరిగినది. గమనింపవలసిన విషయ మొకటి యున్నది. పదునైదవ శతాబ్ది చివరనే, స్పెయిను, ఇటలీ దేశములలో, అంతవరకు ఒక్కొక్క గడి ఐమూలగా ప్రాకుచుండిన మంత్రికి బల్లయంతయు తిరుగు శక్తి లభించినది; ఆ పావును వారు అప్పటికే రాణి అని పిలుచుచుండిరి. మనము మాత్రము ఆ శక్తిని స్వీకరించియు పేరు మార్చుకొనలేదు. తెలుగు బల్లపై నేటికిని అది మంత్రియే, ఉర్దూలో వజీరే. ఆటలోకెల్ల ప్రబలమైన పావు అక్కడ స్త్రీ, ఇక్కడ పురుషుడు. పేరులోనిదే గదా యని త్రోసివేయుటకు నా మనసొప్పదు. ఏలయన బల్లపైని పేరును బల్ల ఎదుట కూర్చుండువారును ఒకరి నొకరు పోలియుందురు.

తెలుగు ఇండ్లలో ఆడపిల్లలకు ఆటలు లేకపోలేదు. ఓమనగుంటల పీట పుట్టింటినుండి అత్తింటికి పోయినది. కచ్చకాయలు కొంగున ముడివడి యుండినవి. పచ్చీసు, అష్టాచెమ్మ పండుగనాటి మధ్యాహ్నములను గడిపినవి. వీనిలో లెక్క యున్నది, జ్ఞాపకమున్నది, ఎదుటివారి చేతిని కనిపెట్టు నేర్పున్నది. కాని చదరంగపు బల్ల మాత్రము వీధి అరుగుపైనే పరచబడినది. వీధి అరుగు మగవారిది. లోపలివారికి ఆ ఆట శబ్దముగా మాత్రమే తెలియును: రాజుకు చెప్పు మాట, ఆట కట్టిన కేక, నడుమ చాయకై పిలుపు. ఇదియే మన స్త్రీల చదరంగమునకు అసలైన ప్రారంభము, అనగా ప్రారంభము లేకపోవుట. తెలివి కొరవడలేదు, మొదటి పది ఎత్తులు నేర్పువారు కొరవడిరి.

ఈ కొరత స్త్రీలకు మాత్రమే పరిమితము కాదని చెప్పుటకు సుల్తాన్ ఖాన్ చరిత్ర చాలును. పంజాబు జమీందారు సర్ ఉమర్ హయాత్ ఖాన్ పరివారములోని వాడై, యజమానుని వెంట ఇంగ్లండు వెళ్ళి, 1929, 1932, 1933 సంవత్సరములలో బ్రిటిషు విజేతయైన ఆ మహనీయుడు దేశవాళీ పద్ధతిలో ఆట నేర్చినవాడు. దేశవాళీ ఆటలో బంటు మొదటి ఎత్తున రెండు గళ్ళు నడువదు. కోట కట్టుట లేదు. రాజు ఒక్కమారు గుర్రమువలె దుముకవచ్చును. అందుచేత అక్కడ సేనలు తీరికగా బారులు తీరును. రెండవ ఎత్తులోనే బంటు బంటును కొట్టు పరిస్థితి రాదు. మధ్యమున, అంత్యమున సుల్తాన్ ఖాన్ ఎవరికిని తీసిపోడు. ప్రారంభమున మాత్రము యూరపు పండితుల పుస్తకజ్ఞానమునకు ఎదురీదవలసి వచ్చెను. అదే జమీందారు ఇంట పరిచారికగా ఉండిన ఫాతిమా అను యువతి 1933లో హేస్టింగ్సులో బ్రిటిషు మహిళా విజేత యయ్యెను. పిదప ఆ యింటితోనే స్వదేశమునకు తిరిగివచ్చి, పోటీల లోకమునుండి మరుగుపడినది. సుల్తాన్ ఖానునకు 2024లో, మరణించిన ఎన్నో దశాబ్దములకు, అంతర్జాతీయ చదరంగ సమాఖ్య గౌరవ గ్రాండ్‌మాస్టరు బిరుద మిచ్చెను. ఫాతిమాకు చదరంగ చరిత్రలో దక్కినవి కొద్ది పంక్తులు మాత్రమే. ఒక్క గెలుపు వెనుక రెండవ అవకాశము లేనప్పుడు ప్రతిభ యేమగునో ఆమె కథ చెప్పును.

మన రైలుమార్గపు ఉత్తరపు కొస యున్న మహారాష్ట్రమున ఆ రెండవ అవకాశము మొదట దొరికినది. ఖాడిల్కర్ సోదరీమణులు వాసంతి, జయశ్రీ, రోహిణి పందొమ్మిదివందల డెబ్బదులలో భారత మహిళా చదరంగమును తమ ఇంటి ఆటగా చేసికొనిరి. 1976లో రోహిణి పురుషుల జాతీయ పోటీలో ఆడగా పెద్ద వివాదము చెలరేగి, న్యాయస్థానము వరకు పోయి, తుదకు అంతర్జాతీయ సమాఖ్య అధ్యక్షుడు మాక్స్ యూవే స్త్రీలను ఏ జాతీయ, అంతర్జాతీయ పోటీలనుండియు నిషేధింపరాదని తీర్పు చెప్పవలసి వచ్చెను. ఆ రోహిణియే 1981లో మన హైదరాబాదున జరిగిన ఆసియా మహిళా పోటీలో విజేత యయ్యెను. తెలుగు నేలపై ఒక స్త్రీ ఆసియా కిరీటము ధరించిన ఆ ఘట్టము మన పాఠ్యపుస్తకములలో నాకు కనబడలేదు, ఉండవలసినది.

దక్షిణపు కొసను, ఆరేండ్లకు, 1987 మార్చి 31న, గుడివాడలో హంపి జన్మించెను. తండ్రి కోనేరు అశోక్ స్వయముగా ఆటగాడు. ఛాంపియన్ అను మాట ధ్వనించునట్లుగా కూతురికి పేరు పెట్టెను. పిదప తన ఉద్యోగమును వదలుకొని ఆమెకు గురువయ్యెను. ఇట్టి తండ్రులను మనము కథలలో మెచ్చుకొందుము, ఇంట వారింతుము. 1997లో పదేండ్లలోపు బాలికలలో ప్రపంచ విజేత. 1998లో పన్నెండేండ్ల లోపు. 2000లో పదునాలుగేండ్ల లోపు. అదే యేట బ్రిటిషు మహిళా విజేత, ఫాతిమా గెలిచిన కిరీటమే, 67 ఏండ్లకు. 2001లో ప్రపంచ జూనియరు బాలికల విజేత. 2002లో బుడాపెస్టు నగరమున, 15 ఏండ్ల 1 నెల 27 దినముల వయస్సున, గ్రాండ్‌మాస్టరు బిరుద మందినది. అంతవరకు అతి చిన్న వయస్సున ఆ బిరుదమందిన స్త్రీ అను కీర్తి జూడిట్ పోల్గారుది; బుడాపెస్టు జూడిట్ పుట్టిన ఊరు. అదే ఊరిలో 2024 సెప్టెంబరున, 22 ఏండ్ల తరువాత, గుంటూరు ఆడపడుచు ద్రోణవల్లి హారిక మొదటి బల్లపై ఆడగా భారత మహిళల జట్టు ఒలింపియాడు స్వర్ణము గెలిచినది. ఆ జట్టులో దివ్యయు ఉండెను.

హారిక మాట వచ్చినది గనుక ఒక్క క్షణము నిలువవలెను. 2012, 2015, 2017 సంవత్సరములలో ప్రపంచ మహిళా పోటీలో మూడు మారులు కాంస్యము; 2022లో మామల్లపురమున జరిగిన ఒలింపియాడున నెలలు నిండిన గర్భవతిగా బల్ల యెదుట కూర్చుండి జట్టుకు కాంస్యము తెచ్చుటలో భాగస్వామిని. ఆ చిత్రము చూచిన నాడు మా యింట పెద్దలు దిష్టి తీయవలెననిరి. హంపియు 2017లో తల్లియై, రెండేండ్లు ఆటకు దూరమై, తిరిగి వచ్చి 2019 డిసెంబరున మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ కిరీటమును, 2024 డిసెంబరున న్యూయార్కులో దానినే రెండవమారును గెలిచినది. బిడ్డ పుట్టిన పిమ్మట ఆట ముగియునను మాటకు ఈ ఇద్దరు తెలుగు స్త్రీలు పావులతోనే సమాధానమిచ్చిరి.

ఇక బటూమికి పోదము. 107 మంది పాల్గొన్న ఆ పోటీలో క్వార్టర్ ఫైనలు చేరిన ఎనిమిది మందిలో నలుగురు మన దేశస్థులే: హంపి, హారిక, వైశాలి, దివ్య. దివ్య చైనాకు చెందిన జూ జినెర్‌ను, తరువాత మన హారికను, పిదప పూర్వ ప్రపంచ విజేత తాన్ ఝోంగ్‌యీని దాటి వచ్చినది. హంపి చైనాకు చెందిన లీ టింగ్జీతో సెమీఫైనలును టైబ్రేకు వరకు లాగి గెలిచినది. జార్జియా దేశమున ఈ పోటీ జరుగుటయు సముచితమే. 1962 నుండి 1978 వరకు ప్రపంచ మహిళా విజేతగా నిలిచిన నోనా గాప్రిందాష్విలీ, ఆమె తరువాత 1991 వరకు నిలిచిన మాయా చిబుర్దానిద్జే ఆ చిన్న దేశపు బిడ్డలే. అక్కడ పెండ్లికూతురి సారెలో చదరంగపు బల్ల పెట్టుట ఆచారమని చెప్పుదురు. నోనా 1978లో గ్రాండ్‌మాస్టరు బిరుదమందిన తొలి మహిళ. 2020లో వచ్చిన 'ది క్వీన్స్ గాంబిట్' అను ధారావాహికలో ఆమె పురుషులతో ఎన్నడును ఆడలేదని చెప్పించుటచే ఆమె మరుసటి యేట న్యాయస్థానమునకు పోయెను. 2022లో రాజీ కుదిరెను. ఏ ప్రారంభపు పేరు ఆ కథకు పెట్టబడెనో, ఆ ప్రారంభమే ఆమె స్వదేశమున, ఇద్దరు భారతీయ స్త్రీల నడుమ, అంతిమ పోటీ తొలి దినమున అవతరించినది.

మరునాడు ఆదివారము. ఆ ఆట ఇంకను మనసున తిరుగుచుండగా, ఊరిలోని ఒక బాలికల వసతిగృహమునకు పోయితిని. కెరమెరి, తిర్యాణి, జైనూరు వైపు పల్లెలనుండి వచ్చి చదువుకొను పిల్లలు అక్కడ నుందురు. చదరంగపు బల్ల యొకటి అలమరలో ఉన్నది. దుమ్ము తుడిచి పరచితిమి. లెక్కించగా 31 పావులే తేలినవి. నల్లగుర్రము ఒకటి లేదు. ఎనిమిదవ తరగతి పిల్ల ఒకతె, క్షణమైనను ఆలోచింపక, పావడా సంచినుండి కచ్చకాయ తీసి ఆ గడిలో నుంచి "ఇగో, ఇది గుర్రం సార్" అన్నది. ఓమనగుంటల కాలమునుండి వచ్చిన ఆ గింజ చదరంగపు బల్లపై నిలుచుట చూచి నాకు కలిగిన సంతోషము ఇంతయని చెప్పలేను.

నేను తెల్లపావులతో ఎర వేసితిని. ఆ పిల్ల బంటును కొట్టలేదు, చేయి గాలిలో నిలిపి, నా ముఖము చూచి, "ఉత్తగనే ఎందుకిస్తరు సార్? ఏదో మతలబు ఉంటది" అన్నది. ఐదువందల ఏండ్ల శాస్త్రము ఆ యొక్క మాటలో నున్నది. కొట్టి చూడుమంటిని. కొట్టినది. రాజు ముందరి బంటును నేను ఒక్క గడి జరిపితిని. దానితో నా శకటునకు దారి తెరచుకొని, ఆమె దోచుకొన్న బంటు మరల నా చేతికి అందు స్థితి వచ్చినది. ఆమె దానిని కాపాడుటకై గుర్రము ముందరి బంటును రెండు గళ్ళు తోసి ప్రక్కన నిలిపినది. ప్రపంచమున ఈ ప్రారంభమును మొదట నేర్చువారందరును చేయు పని ఇదియే. "తీసుకున్నంక ఇడిసిపెడ్తమా సార్?" అన్నది. నేను అంచు బంటును రెండు గళ్ళు తోసి ఆ కాపుబంటును తాకితిని; ఆమె మరియొక బంటుతో దానికి ఊతమిచ్చినది; నేను కొట్టితిని, ఆమె తిరిగి కొట్టినది. అంతట నా మంత్రి ఐమూలగా మూడవ వరుసకు వచ్చి నిలిచినది. ఆమె బంట్లన్నియు ముందుకు పోయి దారి విడిచియుండుటచే ఆ నిలిచిన చోటినుండి ఎదుటి మూలనున్న ఏనుగు వరకు ఒక్క అడ్డమును లేదు. ఏనుగును కాచుటకు గుర్రమునో శకటునో అడ్డము పెట్టవలెను, పెట్టినది పోవును. ఆమె గుర్రమును పెట్టినది. అది కచ్చకాయ గుర్రము. నేను దానిని తీసి ఆమె అరచేత నుంచగా, చుట్టునున్న పిల్లలందరును "అయ్యో, ఒక్క బంటు కోసం గుర్రం పాయె" అని గొల్లుమనిరి. ఆ పిల్ల మాత్రము నవ్వలేదు. బల్లను మొదటినుండి సర్దుచు "మల్ల ఆడుదం సార్" అన్నది.

ఈ ఎరలోని మర్మమంతయు అదియే. కొట్టిన బంటును దక్కించుకొనుటకు కాదు కొట్టునది. దానిని వెనుకకు తీసికొనుటకై తెల్లసేన కొంత కాలము వెచ్చించును. ఆ కాలములో నల్లసేన తన గుర్రములను, శకటులను దించుకొని, తెల్లవారి నడిబల్ల బంట్లను ప్రక్కబంటుతోనో రాజు ముందరి బంటుతోనో తాకవలెను. ఎరను తిరస్కరించినవారికి మంత్రి వైపు శకటు తన బంట్ల వెనుకనే చిక్కుకొని చాలకాలము బాధించును. స్వీకరించినవారికి ఆ శకటునకు దారి మొదటినుండియు తెరచి యుండును. ప్రతిఫలముగా తెల్లవారికి నడిబల్లపై బలమైన రాజ్యము దక్కును. ఇచ్చిపుచ్చుకొనుట తెలిసినవారి ప్రారంభమిది. పట్టుకొని వదలనివారిది కాదు. హంపి ఆటను ఇరువది ఏండ్లుగా చూచువాడనై చెప్పుచున్నాను: ఆమె బలము కాపాడుటలో నున్నదని లోకము అనుకొనును గాని, దేనిని వదలవలెనో ముందుగా తెలిసియుండుటలో నున్నది.

ఆ శనివారపు ఆట ఆమెకు సులువుగా సాగలేదు. ప్రారంభము ముగిసీ ముగియని ఘట్టముననే దివ్యకు పైచేయి చిక్కినది. సరియైన ఎత్తు దొరకియుండిన ఆట అక్కడనే తెగియుండునని విశ్లేషకు లనిరి. ఆ ఎత్తు బల్లపై పడలేదు. హంపి ఒక్కొక్క గడిగా నిలదొక్కుకొని, 41 ఎత్తులకు ఆటను సరిసమానముగా ముగించినది. పండితులు దీనిని జారిన అవకాశమని వ్రాసిరి. నేను మాత్రము దానిని ఆ పోటీ మొత్తములో ఉత్తమమైన ఆటగా భావింతును. గెలుపు కనబడినప్పుడు చేయి వణకుట, ఓటమి కనబడినప్పుడు చేయి వణకకుండుట, ఈ రెండును ఒకే బల్లపై, ఒకే గంటలో చూడగలిగితిమి. పందొమ్మిదేండ్ల పిల్ల ఎరవేసి, వేసినదాని ఫలమును చివరి గడి వరకు వెంటాడుటకు జంకలేదు. ముప్పదియెనిమిదేండ్ల తల్లి దానిని స్వీకరించి, తన నిర్ణయపు భారమును ఆట చివరి వరకు మోసినది.

ఆదివారపు రెండవ ఆటయు సమముగా ముగిసినది. సోమవారము, జూలై 28న, సమమును విడదీయు టైబ్రేకుగా పదునైదేసి నిమిషముల వేగపు టాటలు. మొదటిది సమము. రెండవదానిలో తెల్లపావులు హంపివి. గడియారము తరుముచుండగా ఆమె చేయి తడబడినది. నల్లపావులతో దివ్య గెలిచినది. రెండున్నరకు ఒకటిన్నర. ఆట ముగియగనే ఆ పిల్ల కన్నీరు ఆపుకొనలేక తల్లిని కౌగిలించుకొన్న దృశ్యమును దేశమంతయు చూచినది. ప్రపంచ కప్పుతో పాటు గ్రాండ్‌మాస్టరు బిరుదము ఆమెకు నేరుగా లభించినది. భారతదేశమున 88వ గ్రాండ్‌మాస్టరు, స్త్రీలలో హంపి, హారిక, వైశాలిల తరువాత నాలుగవది. ప్రపంచ విజేతను ఎదిరించువారిని తేల్చు క్యాండిడేట్సు పోటీకి ఇద్దరును అర్హత పొందిరి. తెలుగువాడనగుటచే హంపి ఓడినందుకు నాకు బాధ కలిగినది, దాచుట యెందుకు. ఆసిఫాబాదువాడనగుటచే నాగపురపు పిల్ల గెలిచినందుకు పొరుగింటి పెండ్లివలె సంతోషమును కలిగినది. రెండును నిజమే.

ఆ వారమంతయు నన్ను వెంటాడినది మాత్రము వసతిగృహపు కచ్చకాయ. నాగపురములో శిక్షకులున్నారు, విజయవాడలో తండ్రులున్నారు. వానికి నడుమ, అవే పట్టాలపైనున్న మా ఊరిలో, 31 పావుల బల్ల అలమరలో నున్నది. ఎరను చూచినంతనే దానిలోని మతలబును పసిగట్టిన ఆ పిల్లకు లోపించినది బుద్ధి కాదు. ఆమె మరుసటి ఆదివారమున నల్లపావులు తీసికొని, బంటును కొట్టి, నేను రాజు ముందరి బంటును జరపగనే, కొట్టిన బంటును కాపాడక వదలి, తన గుర్రమును దించినది. "పోతే పోనీ సార్, నా గుర్రాలు బయటికొస్తయి" అన్నది. ఒక్క వారమే పట్టినది.

ఆసిఫాబాదు, కాగజ్‌నగరము, మంచిర్యాల, ఆదిలాబాదు, కరీంనగరము ప్రాంతముల చదువరులకు, ముఖ్యముగా ఆట తెలిసి ఆదివారము మధ్యాహ్నము ఒక్క గంట ఇయ్యగల ఉపాధ్యాయులకు, విశ్రాంత ఉద్యోగులకు, కళాశాల విద్యార్థినులకు నాది ఒక్క మనవి. మీకు దగ్గరనున్న ఆశ్రమపాఠశాలకో, గురుకులమునకో, కస్తూర్బా విద్యాలయమునకో పోయి, అక్కడి పెద్దల అనుమతి తీసికొని, ఆడపిల్లల నడుమ బల్ల పరచుడు. మొదటి మూడు ఎత్తులు నేర్పుడు. తక్కినది వారు అడిగి నేర్చుకొందురు. బయలుదేరుటకు ముందు మాత్రము పెట్టె తెరచి 32 పావులును సరిచూచుకొనుడు.